బూట్లు విప్పని మనిషి

స్పా గుమ్మం పక్కన చెప్పులు విడవమని చెక్కబోర్డు ఉంది. అది లేకపోయినా ఫిజీలో పుట్టినవాడెవడూ చాప మీద చెప్పుకాలు పెట్టడు. గ్రాంట్ ప్రూయిట్ మాత్రం గోధుమరంగు తోలుబూట్లతో లోపల టకటకా తిరుగుతున్నాడు.

సార్జెంట్ అపిసాయి గుమ్మంలో నిలబడి కాసేపు ఆ బూట్లనే చూశాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, ఇరవై ఆరేళ్లుగా పోలీసు ఉద్యోగం చేస్తున్న మనిషి. ఇన్నేళ్లలో అతను సంపాదించింది ఒక్కటే, ఎదుటివాడి మీద అసహ్యం. అది మాత్రం పుష్కలంగా ఉంది.

"బూట్లు," అన్నాడు.

"ఇది మనిషి చచ్చిపోయిన చోటు, సార్జెంట్. చర్చి కాదు," అన్నాడు ప్రూయిట్, తల తిప్పకుండానే. "ముందు మీరెళ్లి ఆ తడి పావడా మార్చుకు రండి. చాప పాడవుతోంది."

అపిసాయి కిందికి చూసుకున్నాడు. ఫిజీ పోలీసులు నడుముకి చుట్టుకునే యూనిఫాం సులు మోకాళ్ల దాకా తడిసి బట్ట కాళ్లకి అంటుకుపోయింది. అంచున తెల్లగా ఉప్పు కడుతోంది. ఈ దీవికి రేవు లేదు. ఆటు వేళ పడవ ఎక్కడో దూరాన ఆగిపోతుంది, మంత్రిగారైనా మోకాల్లోతు నీళ్లలో దిగి నడిచి రావలసిందే. ఉదయం పది దాటితే మూడింటి వరకూ ఇంతే. అతను పన్నెండింటికి దిగాడు. ఇప్పుడు పన్నెండూ ఇరవై.

"పావడా ఆరిపోతుందిలే," అన్నాడు. "మీ మర్యాదే, ఏ ఎండలో పెట్టినా బాగయ్యేలా లేదు."

ప్రూయిట్ ఒకప్పుడు సిడ్నీ పోలీసు. ఇప్పుడు డబ్బున్నవాళ్ల మురికిగుడ్డలు ఉతికిపెట్టే ప్రైవేటు డిటెక్టివ్. చచ్చిపోయిన మార్గో కెస్లర్ మొగుడు వారిక్‌కి కావలసినవాడు. మరేదో పని మీద నాండీలో ఉన్నాడట. పదకొండుంపావుకి వారిక్ ఫోన్ చేస్తే స్పీడుబోటు మాట్లాడుకుని పదకొండూ ముప్పావుకల్లా ఇక్కడ దిగాడట. పోలీసులకంటే ముందు వచ్చి, పోలీసుల పని తనే మొదలుపెట్టేశాడు.

"తేలిపోయిందిలెండి," అన్నాడు ప్రూయిట్. "మార్గోకి గింజల నూనె పడదు. ఆ సంగతి ఆవిడ స్పా కార్డు మీద రాసే ఉంది. మసాజ్ చేసే పిల్ల ముఖానికి రాసిన పూతలో అదే కలిపింది. ఊపిరాడక పోయింది. పొరపాటో, కావాలనో, అది కోర్టు చూసుకుంటుంది."

"ఆ పిల్ల ఒప్పుకుందా?"

"నోటితో ఒప్పుకోనక్కర్లేదు. నేను ఒంటిని చదువుతాను. శరీరభాష మీద బ్రిస్బేన్‌లో పాఠాలు చెప్పాను, తెలుసా? ప్రశ్న అడిగితే కళ్లు దించేసింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీద చతికిలబడింది. తప్పు చేసినవాళ్లు ఎప్పుడూ ఒళ్లు ముడుచుకుని చిన్నగా అయిపోతారు."

ఆ లెక్కన మా దీవులన్నీ దొంగల దీవులే అనుకున్నాడు అపిసాయి. బల్లల వైపు నడిచాడు.

గదిలో రెండు మసాజ్ బల్లలు పక్కపక్కనే ఉన్నాయి. మొగుడూ పెళ్లాం కలిసి చేయించుకునే గది ఇది. శవాన్ని రిసార్టు నర్సు చల్లగదికి పంపించింది. అపిసాయి దీవిలో దిగగానే ఒక ముక్క అతని చెవిలో వేసింది. చచ్చిపోయినావిడ కనుగుడ్లలో, ముక్కూ నోరూ అదిమేస్తే వచ్చేలాంటి ఎర్రటి చుక్కలున్నాయట. గింజల నూనె పడకపోతే ముఖం వాస్తుంది. ఆ ముఖం వాయలేదు.

ఒక్కో బల్ల మీదా మోకాళ్ల కింద పెట్టే గుండ్రటి బాలీసు ఒకటి ఉంది. అపిసాయి మార్గో బల్ల మీదిది తిరగేశాడు. నూనె మరకలు తప్ప ఏమీ లేదు. వారిక్ బల్ల మీదిది తిరగేశాడు. అడుగున అరచేయంత మేర ఆకుపచ్చ మట్టి పట్టి ఎండిపోయింది.

"అవన్నీ ఉతకడానికి వెయ్యమని చెప్పాను," అన్నాడు ప్రూయిట్.

"నేను వద్దని చెప్తాను," అంటూ అపిసాయి దాన్ని చంకలో పెట్టుకున్నాడు.

*

వారిక్ కెస్లర్ వరండాలో కూర్చుని చల్లటి బొప్పాయి ముక్కలు తింటున్నాడు. పెళ్లాం చచ్చిపోయి గంటన్నర కాలేదు, విత్తనాలు మాత్రం ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు. ప్రూయిట్ వచ్చి అతని కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఒకే ఒక్క ప్రశ్న," అన్నాడు అపిసాయి. "ఆ టైములో మీరు పక్క బల్ల మీదే ఉన్నారు కదా?"

"ఉన్నాను. ఎన్నిసార్లు చెప్పాలి? ముఖానికి పూత వేశారు, కళ్ల మీద తడి దూది పెట్టారు. పదీ ముప్పావుకే నిద్రపట్టేసింది. ఆ అమ్మాయి కేకకే మెలకువొచ్చింది."

"మీ పూత రంగేమిటి?"

"నలుపు. మగవాళ్లకి నలుపేనట. అది కూడా నేరమా?"

"ఆవిడది?"

"ఆకుపచ్చ." ఫోర్కు గాల్లో ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. "రెండింటి పడవకి నేను వెళ్లిపోతున్నాను, సార్జెంట్. మీ ఇన్‌స్పెక్టర్ అందులోనే వస్తున్నాడు. ఆ అమ్మాయిని అప్పజెప్పేస్తే మీక్కూడా హాయి."

అది నిజం. ఇన్‌స్పెక్టర్ సంగతి అపిసాయికి తెలుసు. దొరలు చెప్పింది రాసుకుని, రాసుకున్నది చదివి, చదివిందే నిజమనుకునే మనిషి. ఈ గంటన్నరలో ఏదో ఒకటి తేలకపోతే లోసలీని అనే ఆ మసాజ్ పిల్ల చేతికి బేడీలు పడతాయి.

"గ్రాంట్ ఆ అమ్మాయిని సూటిగా అడిగాడు," అన్నాడు వారిక్. "చెప్పు గ్రాంట్."

ప్రూయిట్ నోటుబుక్కు తీశాడు. "ఇంకెవరైనా ఆ గదిలోకి వెళ్లడం చూశావా అని అడిగాను. జవాబు లేదు. కనుబొమలు పైకి లేపింది. ఒకవేళ చూసి ఉంటే, ఆ మనిషిని మళ్లీ గుర్తుపడతావా అన్నాను. మళ్లీ కనుబొమలే. ఇదుగో, రాసుకున్నాను. రెండుసార్లు ఆశ్చర్యపోయింది. అంటే అలాంటి ఆలోచనే ఆ పిల్లకి తట్టలేదు. ఎవరూ రాలేదు."

అపిసాయికి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, ఆపుకోలేకపోయాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బ్రిస్బేన్‌లో పాఠాలు చెప్పారా? వాళ్ల ఫీజు వాళ్లకి తిరిగి ఇచ్చెయ్యండి సార్. ఫిజీలో కనుబొమలు పైకి లేపితే అవునని. చంటిపిల్లలకి కూడా తెలుసు. పెద్దవాళ్ల ముందు నోరు విప్పకుండా అవునని చెప్పే పద్ధతది. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ అవునంది. చూసింది. మళ్లీ కనబడితే గుర్తుపడుతుంది కూడా. అంతా మీ చేతికిచ్చింది, మీరేమో ఆశ్చర్యమని రాసుకుని కూర్చున్నారు!"

వారిక్ బొప్పాయి పళ్లెం కింద పెట్టాడు. ప్రూయిట్ నోటుబుక్కు మూశాడు. అతని మొహంలో ఏ రంగూ మారలేదు.

"నేర్పినందుకు థాంక్స్, సార్జెంట్," అన్నాడు.

చెంప పగలగొట్టినంత తృప్తి కలిగింది అపిసాయికి. ఆ తృప్తితోనే వెనక్కి తిరిగాడు.

*

లోసలీని తువ్వాళ్ల గదిలో నేల మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. చేతులు ఊరికే ఉండలేక, మడత పెట్టిన తువ్వాళ్లనే విప్పి మళ్లీ మడత పెడుతోంది. గుమ్మంలో కానిస్టేబుల్ ఆషికా కాపలా ఉంది.

అపిసాయి కూడా నేల మీదే చతికిలబడ్డాడు. "ఏ ఊరమ్మా మీది?"

"కందవు అండి. అమ్మ వాళ్లది."

"మా అమ్మదీ కందవే. ఏ ఇంటివాళ్లు?"

చెప్పింది. అపిసాయి వేళ్ల మీద వరసలు లెక్కపెట్టాడు. "అయితే నువ్వు నాకు కూతురివి. ఇంక ఆ అండీలు మానెయ్."

"అలాగే చిన్నాన్నా." కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనేం కలపలేదు చిన్నాన్నా. ఆవిడ కార్డు నేనే రాశాను. గింజల నూనె సీసా ఆ గదిలోకే తీసుకెళ్లలేదు."

"తెలుసు. మొదట్నుంచీ చెప్పు. టైములతో సహా."

"పదింటికి కాళ్లు కడిగాను, ఇద్దరికీ. తర్వాత వీపులు. పదీ నలభైకి ఆయనకి నల్ల పూత, తర్వాత ఆవిడకి పచ్చ పూత. కళ్ల మీద దూది పెట్టి, పదీ యాభైకి బయటికొచ్చేశాను. పదిహేను నిమిషాలు ఆరాలి. అప్పుడు గదిలో ఉండకూడదు, అది రూలు. పదకొండూ అయిదుకి మళ్లీ వెళ్లాను."

"మొగుడు పడుకున్నాడా?"

లోసలీని తువ్వాలు అంచు పట్టుకుని నలిపింది. "బల్ల మీద చూసింది బయట చెప్పకూడదు చిన్నాన్నా. చెబితే ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే రెండింటికి పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు."

నలిపిన తువ్వాలు ఒళ్లో పరుచుకుంది. తర్వాత మెల్లిగా మొదలుపెట్టింది.

"బోర్లా పడుకున్నవాళ్ల మొహం మాకు కనబడదు. మాకు కాళ్లే మొహం. నిద్రపోయినవాడి పాదాలు చెరో వైపుకీ వాలిపోతాయి. భయపడినవాడి వేళ్లు ముడుచుకుంటాయి, నేలని పట్టుకుందామన్నట్టు. ఆవిడ మొదటి రోజు వచ్చినప్పుడు, పక్క బల్ల మీంచి ఆయన మాట్లాడితే చాలు, వేళ్లు ముడుచుకుపోయేవి. వీపు మీద చెయ్యేస్తే ఊపిరి బిగబట్టేది. ఇవాళ మూడో రోజు. ఇవాళ భుజాలు దిగిపోయాయి. ఆయన మాట్లాడినా వేళ్లు కదల్లేదు. అలాంటి ఒళ్లు నేను ఇదివరకు చూశాను. ఇంక ఇతనితో ఉండను అని తేల్చేసుకున్న ఆడదాని ఒళ్లు. మనసులో సంతోషించాను కూడా."

"నువ్వు కనిపెట్టినది మొగుడు కనిపెట్టలేడా?" అన్నాడు అపిసాయి. "సరే. ఆయన సంగతి చెప్పు."

"పూత ముందు ఆయనకే వేశాను కాబట్టి ముందు ఆయన దగ్గరికే వెళ్లాను. తల ముట్టుకోవాలి కదా, తులో అన్నాను." తులో అంటే క్షమించండి అని. ఎవరి తల మీదికి చెయ్యి పోయినా ఆ మాట అనకుండా ఫిజీ మనిషి చెయ్యి కదలదు. "మూడు రోజులుగా ఆయన వింటున్నాడు. ఆ మాట వచ్చాక తల కింద చెయ్యి వస్తుందని ఆయనకి అలవాటైపోయింది. నేను తులో అనగానే, చెయ్యి ఇంకా తగలకముందే, ఆయన మెడ ఎత్తాడు. తల కింది తువ్వాలు లాక్కోమన్నట్టు."

"నిద్రలో కదిలాడేమో?" అన్నాడు అపిసాయి.

"నిద్రపోయినవాడి తల ఎంత బరువుంటుందో తెలుసా చిన్నాన్నా? పచ్చి కొబ్బరిబోండాం లాగుంటుంది, రెండు చేతులూ కావాలి. ఆయన తల తనంతట తనే లేచింది. మెలకువగానే ఉన్నాడు. పూత కూడా ఎక్కడా పగల్లేదు. పడుకున్నచోటునుంచి లేవలేదన్నమాట. లేచి ఏ పనైనా చేస్తే ఆ మట్టి మెడ దగ్గర పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంది."

"అంటే మెలకువగా ఉండి, కళ్ల మీద దూది పెట్టుకుని, పక్కన పెళ్లాం ఊపిరాడక కొట్టుకుంటుంటే కదలకుండా విన్నాడు."

లోసలీని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అపిసాయి చంకలోని బాలీసు ఆమె ముందు పెట్టాడు. ఆకుపచ్చ మరక చూసి ఆమె వెనక్కి జరిగింది.

"ఇది ఆయనది. ఆయనకి కుడి మోకాలు పాత దెబ్బ. దాని కిందే పెడతాను రోజూ. నేను తిరిగి వెళ్లేసరికి ఎడమ మోకాలి కింద ఉంది. ఎవరు మార్చారా అనుకున్నాను."

"ఆ మోకాలి సంగతి తెలియనివాడు. మొహం మీద అదిమిపెట్టి, పని అయ్యాక తోచిన కాలి కిందికి తోసేశాడు. చూశావు కదూ వాడిని?"

కనుబొమలు లేచాయి.

"మొహం ఎలా ఉంది?"

"మొహం చూడలేదు. పదీ యాభై రెండు అయ్యుంటుంది. ఇక్కడే కింది అరలో తువ్వాళ్లు సర్దుతున్నాను. వసారాలోంచి గెస్టు ఒకాయన వస్తున్నాడు. గెస్టు పోతుంటే మనం తల వంచుకుని కూర్చోవాలి కదా. స్పాలో గెస్టులకిచ్చే తెల్లగౌను అంచూ, కాళ్లూ కనబడ్డాయి. పక్క గదికి అనుకున్నాను."

"కాళ్లు మళ్లీ చూస్తే?"

"ఎక్కడైనా గుర్తుపడతాను." చదువుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "ఎడమ పాదం బయటికి తిరిగి ఉంటుంది. బరువంతా బయటి అంచు మీద వేస్తాడు, బొటనవేలు నేలకి ఆనదు. రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు."

"ఆ సిడ్నీ ఆయన నిన్ను ప్రశ్నలు అడిగినప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"గుర్తుపడతానని కనుబొమలు లేపాను, ఎలా అని ఆయన అడగలేదు. పైగా బూట్లతో మీదికొచ్చి నిలబడ్డాడు. నాకు భయమేసింది. బూట్లలో ఉన్న కాలు నాకేం తెలుస్తుంది చిన్నాన్నా?"

*

ఒంటిగంటా పదికి అపిసాయి ఆ గదిలోకి మళ్లీ వెళ్లాడు. పదీ యాభై రెండుకి వచ్చినవాడు ఎటు బయటపడ్డాడో చూడాలి. వెనక తెర తొలగిస్తే రెండు మెట్లు, మెట్లు దిగితే ఇసుక. గెస్టుల పుస్తకం తెప్పించి చూశాడు. దీవి మీద ఉన్నది పదకొండు మంది. ఆ టైములో తొమ్మిదిమంది పగడపు దిబ్బ దగ్గర ఈతకి వెళ్లారు. మిగిలింది కెస్లర్ దంపతులు. అంటే వచ్చినవాడు పుస్తకంలో లేనివాడు. తెల్లవారుజామున పోటు మీద పడవ ఒడ్డుదాకా వచ్చే టైములో దిగి, ఎక్కడో కూర్చున్నవాడు.

మెట్టు మీద కూలబడి సులు అంచు పిండుకున్నాడు. గంట దాటినా ఇంకా చెమ్మగానే ఉంది, ఉప్పు పెళుసుగా వేళ్లకి తగులుతోంది. తడి పావడా అన్నాడు వెధవ. వాడూ ఇదే ఆటులోనే దిగానన్నాడు కదా, నాకంటే పావుగంట ముందు.

చేయి అక్కడే ఆగిపోయింది.

ప్రూయిట్ లేతరంగు పంట్లాం కళ్లముందు కనబడింది. నడుం నుంచి మడమ దాకా ఇస్త్రీ గీత కత్తిలా నిలబడి ఉంది. పైకి మడిచిన ముడత లేదు, నీటి మరక లేదు. తోలుబూట్ల మీద ఉప్పు చారలు లేవు. పదకొండూ ముప్పావుకి ఈ దీవిలో దిగినవాడెవడూ అలా పొడిగా నిలబడలేడు. దిగినది అప్పుడు కాదు.

ఆ బూట్లు గుమ్మంలో విప్పి ఉంటే లోసలీని మొదటి నిమిషంలోనే గుర్తుపట్టేది. వాడి పొగరే వాడిని కాపాడింది. ఆ పొగరుని అసహ్యించుకోవడంలో మునిగిపోయి తను పంట్లాం చూడలేదు. అదొక్కటే కాదు, అంతకంటే ఘోరం చేశాడు. ఆ పిల్ల చూసింది, గుర్తుపడుతుంది అని ఎవడికైతే తెలియకూడదో వాడికే కూర్చోబెట్టి నేర్పాడు. పొట్ట పట్టుకుని నవ్వుతూ నేర్పాడు.

తువ్వాళ్ల గది ఖాళీగా ఉంది. గుమ్మంలో ఆషికా ఉంది.

"లోసలీని ఏది?"

"అదేంటి సార్, మీరే కదా పిలిపించారు?" అంది ఆషికా. "ప్రూయిట్ గారు వచ్చి, ఇన్‌స్పెక్టర్ పడవ ముందే వచ్చేసింది, అమ్మాయిని ఎక్కించమని సార్జెంట్ చెప్పాడు అన్నారు. ఆ పిల్ల కూడా సరేనంది. వెనకవైపు నుంచి వెళ్లారు. అయిదు నిమిషాలు కూడా కాలేదు సార్."

"వారిక్‌ని పట్టుకుని కూర్చో. కదిలితే బేడీలు వెయ్," అంటూ అపిసాయి వెనకవైపుకి పరిగెత్తాడు.

ఇసుకలో తువ్వాళ్ల గది మెట్ల నుంచి రెండు జతల అడుగులున్నాయి. ఒకదానికి కొంతదూరం బూట్ల గుర్తులు. తడి ఇసుక మొదలయ్యే చోట బూట్లు ఆగిపోయి, అక్కణ్నుంచి ఉత్తకాళ్లు. తోలు పాడవుతుందని విప్పుకున్నాడన్నమాట. చాపల మీద విప్పనివాడు, ఉప్పునీటికి విప్పాడు. ఎడమ పాదం బయటికి తిరిగి ఉంది. బయటి అంచు లోతుగా దిగింది, బొటనవేలి గుర్తు లేనే లేదు.

పక్కనే లోసలీని అడుగులు. అంతవరకూ మామూలుగా ఉన్నాయి. అతను బూట్లు విప్పిన చోటు దాటాక ఒక్కో అడుగులో అయిదు వేళ్లూ ఇసుకలోకి గుచ్చుకుపోయాయి. నేలని పట్టుకుందామన్నట్టు.

చూసేసింది. చూసి కూడా కేక వెయ్యలేదు. వేస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టే వెయ్యలేదు.

దూరాన చిన్న స్పీడుబోటు లంగరేసి ఉంది. దానికీ ఒడ్డుకీ మధ్య, మోకాల్లోతు నీళ్లలో, ఇద్దరూ నడుస్తున్నారు. ప్రూయిట్ మెడలో లేసులతో ముడేసిన బూట్లు వేలాడుతున్నాయి. ఎడమచెయ్యి ఆమె మోచేతి మీద ఉంది. కుడిచెయ్యి కోటు జేబులో, ఏదో బరువైనదాన్ని పట్టుకుని ఉంది.

అపిసాయి సులు పైకి ఎగదోపుకుని నీళ్లలోకి దిగాడు. నీళ్లు కాళ్లకి అడ్డం పడుతుంటే తొక్కుకుంటూ పోయాడు. పది గజాల దూరానికి వచ్చేసరికి ప్రూయిట్ ఆగి వెనక్కి తిరిగాడు, ఆమెను ముందుకి లాక్కుని.

"ఏంటి సార్జెంట్, మళ్లీ పావడా తడుపుకుంటున్నారు?" నవ్వాడు. "మీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నేనే దిగబెడతాను. ఆ అమ్మాయే వస్తానంది. కావాలంటే అడగండి."

నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున తెల్లటి ఇసుక మీద నాలుగు పాదాలు కనబడుతున్నాయి. అందులో ఒకటి బయటికి తిరిగి ఉంది. రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు.

అడగకూడదని అపిసాయికి తెలుసు. అడగకపోయినా ఒకటే అనీ తెలుసు. ఆ పిల్ల తలెత్తి తననే చూస్తోంది. చిన్నాన్నా అని నోరు తెరిచి అనలేదు. పెద్దవాళ్ల ముందు నోరు విప్పని పద్ధతిలో పెరిగిన పిల్ల. ఒక్కసారి కిందికి, నీళ్లలో ఆ పాదం వైపు చూసింది. మళ్లీ అతన్ని చూసింది.

మెల్లిగా, నిండుగా, రెండు కనుబొమలూ పైకి లేపింది.

ప్రూయిట్ ఆమె మొహంలోకి వంగి చూశాడు. దాని అర్థం అతనికి గంట కిందటి దాకా తెలియదు. ఇప్పుడు తెలుసు.

అతని కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది.